కుండీలో పొట్టి పీచ్ చెట్టు: లిలువా బాల్కనీలో పెరుగుతుందా?

పీచ్ అనగానే మన తెలుగు పిల్లల్లో చిన్నవాళ్లకు పీచు మిఠాయి గుర్తుకొస్తుంది. కొంచెం పెద్దవాళ్లకు కొబ్బరి పీచు, రసం మామిడి తింటే పళ్ల సందుల్లో ఇరుక్కునే పీచు గుర్తుకొస్తాయి. ఈ వ్యాసంలోని పీచ్‌కు వాటితో ఏ సంబంధమూ లేదు. ఇది ఒక పండు. హిందీలో దీన్ని ‘ఆడూ’ అంటారు. గుండ్రంగా, పసుపూ ఎరుపూ కలిసిన రంగులో ఉంటుంది. తోలు మీద మెత్తని నూగు, ఒక పక్క పైనుంచి కిందికి సన్నని గాడి, లోపల ముడతలు పడిన గట్టి టెంక ఉంటాయి. బాదం, ఆల్‌బుకారా, ఆప్రికాట్, చెర్రీ దీని దగ్గరి చుట్టాలు. ఇవన్నీ గులాబీ కుటుంబానికి చెందినవే.

పండు కంటే పువ్వు కోసమే ఈ చెట్టును ఇష్టపడేవాళ్లు చాలామంది. చలికాలం చివర్లో, ఆకు ఒక్కటీ లేని కొమ్మల నిండా గులాబీరంగు పూలు విరుస్తాయి. మూడు నాలుగు అడుగుల ఎత్తులో, కుండీలోనే పూసే పొట్టి రకాలు కూడా ఉన్నాయి. విదేశాల్లో ఇంటి ముందు గచ్చు మీద, వరండా మెట్ల పక్కన వీటిని అలంకారానికి పెడతారు. ఆ ఫోటోలు చూసినవారెవరికైనా ‘మన క్వార్టర్స్ బాల్కనీలో కూడా ఒకటి పెడితే ఎంత బాగుంటుంది!’ అనిపిస్తుంది. మేము లిలువాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలం. హౌరాలో బయలుదేరిన లోకల్ రైలు మొదట ఆగే స్టేషన్ మాదే. ఇక్కడ రైల్వే వర్క్‌షాప్ ఉంది, క్వార్టర్లు ఉన్నాయి, వాటికి చిన్న చిన్న బాల్కనీలు ఉన్నాయి. మనలాంటి పిల్లలకు ఇంకో లెక్క కూడా ఉంది. నాన్నగారికో అమ్మకో మూడు నాలుగేళ్లకు ఒకసారి బదిలీ వస్తుంది. చెట్టు కాపుకు రావడానికి కూడా దాదాపు అంతే కాలం పడుతుంది. కాబట్టి ఏ చెట్టు ఎక్కడ నాటాలి, వెళ్లేటప్పుడు దాన్ని ఏం చేయాలి అన్నది మనం ముందే ఆలోచించుకోవాలి.

బదిలీ మీద వచ్చిన పండు

పీచ్ శాస్త్రీయ నామంలో ‘పర్సికా’ అనే మాట ఉంది. పర్షియా నుంచి యూరప్‌కు చేరింది కాబట్టి దాని పుట్టిల్లు పర్షియాయే అని పూర్వం అనుకున్నారు. నిజానికి దాని పుట్టిల్లు చైనా. యాంగ్జీ నది దిగువ ప్రాంతంలో తవ్వకాల్లో దొరికిన పీచ్ టెంకలను పరిశీలించి, సుమారు 7,500 ఏళ్ల కిందటే అక్కడివారు మంచి చెట్లను ఎంచుకుని పెంచడం మొదలుపెట్టారని శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

మన దేశానికి ఇది ఎలా వచ్చిందో చెప్పే కథ మనలాంటి పిల్లలకు బాగా నచ్చుతుంది. 7వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ గురించి చరిత్ర పుస్తకంలో చదువుకున్నాం. ఆయన పంజాబ్ ప్రాంతంలో ‘చీనభుక్తి’ అనే చోటికి వెళ్లాడు. కనిష్కుడి కాలంలో చైనా వైపు నుంచి బందీలుగా వచ్చిన రాజకుటుంబీకులు చలికాలంలో అక్కడ ఉండేవారట. పీచ్, పియర్ చెట్లను ఈ దేశంలో మొదట నాటింది వాళ్లేనని స్థానికులు ఆయనకు చెప్పారు. అందుకే పీచ్‌ను ‘చీనని’ అనీ, పియర్‌ను ‘చీనరాజపుత్ర’ అనీ పిలిచేవారని ఆయన రాసుకున్నాడు. సొంత ఊరు వదిలి వచ్చినవాళ్లు తమకు ఇష్టమైన చెట్టును కొత్త ఊళ్లో నాటారన్నమాట.

పొట్టితనం ఎక్కడి నుంచి వస్తుంది?

మామూలు పీచ్ చెట్టు 15 నుంచి 20 అడుగులు పెరుగుతుంది. పొట్టి రకం అయిదారు అడుగుల దగ్గర ఆగిపోతుంది. కుండీలో అయితే ఇంకా తక్కువ. చెట్టు పొట్టిగా ఉండటానికి మూడు దారులున్నాయి.

మొదటిది కత్తిరింపు. ఏటా కొమ్మలు కత్తిరిస్తూ, వేర్లను కుండీలో కట్టడి చేస్తూ ఉంటే పెద్దజాతి చెట్టు కూడా చిన్నగానే ఉంటుంది. బోన్సాయ్ చేసేవాళ్ల పద్ధతి ఇదే. కత్తిరించడం మానేస్తే చెట్టు మళ్లీ పొడవు సాగుతుంది.

రెండోది అంటు. ఎదుగుదల తక్కువగా ఉండే ఒక రకం మొక్కను కింద వేరుమొక్కగా పెట్టి, మంచి పండ్లిచ్చే రకం కొమ్మను దాని మీద అంటు కడతారు. వేరు అందించే బలాన్ని బట్టి పై చెట్టు ఎత్తు ఉంటుంది. ఆపిల్ తోటల్లో ఇది బాగా వాడుకలో ఉన్న పద్ధతి.

మూడోది పుట్టుకతో వచ్చే పొట్టితనం. పీచ్‌లో ఇదే విశేషం. ఇలాంటి చెట్టులో ఆకుకూ ఆకుకూ మధ్య ఉండే కణుపు దూరం చాలా తక్కువ. అందుకే ఆకులు కుచ్చుల్లా ఒత్తుగా వస్తాయి, పూలు కూడా కొమ్మను పూర్తిగా కప్పేస్తాయి. పండు మాత్రం మామూలు సైజులోనే ఉంటుంది. 1960లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో అమ్మకానికి వచ్చిన ‘బొనాంజా’ ఈ తరహా పొట్టి పీచ్‌లలో పేరు పొందింది.

దీని వెనక ఉన్న సైన్సు మన పదో తరగతి పాఠానికి చాలా దగ్గర. మొక్కల ఎత్తును పెంచే హార్మోనుల్లో జిబ్బరెల్లిన్ ముఖ్యమైనది. వరికి వచ్చే ఒక తెగులు వల్ల మొక్కలు విపరీతంగా పొడవు సాగి పడిపోయేవి. ఆ తెగులు కలిగించే శిలీంధ్రం విడుదల చేసే పదార్థమే దీనికి కారణమని 1926లో జపాన్ శాస్త్రవేత్త కురోసావా చూపించాడు. ఆ తర్వాత ఆ పదార్థానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టారు. మెండెల్ పెంచిన పొట్టి బఠానీ మొక్కలు గుర్తున్నాయి కదా? అవి ఈ హార్మోన్‌ను చాలినంత తయారు చేసుకోలేవు. బయటి నుంచి జిబ్బరెల్లిన్ చల్లితే పొడవు పెరుగుతాయి. పొట్టి పీచ్ సంగతి వేరు. దానిలో హార్మోన్ ఉంటుంది. దాన్ని అందుకోవలసిన గ్రాహకం మాత్రం చెడిపోయి ఉంటుంది. పోస్ట్‌మాన్ ఉత్తరం తెచ్చినా తలుపు తీసేవాళ్లు లేనట్టు! ఎంత జిబ్బరెల్లిన్ చల్లినా అది పొడవు పెరగదు. 2016లో శాస్త్రవేత్తలు ఈ జన్యువును గుర్తించారు. ఇది అంతర్గత లక్షణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే చెట్టు పొట్టిగా పుడుతుంది.

మన అన్నానికీ ఈ పొట్టితనంతో సంబంధం ఉంది. ఐఆర్-8 వరి పొట్టిగా ఉండి, గింజ బరువుకు పడిపోకుండా నిలబడటానికి కారణం కూడా జిబ్బరెల్లిన్ తక్కువ తయారవడమే. 1967లో ఆ వరిని పండించి పేరు తెచ్చుకున్న రైతు పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు గారు.

చలిని లెక్కపెట్టే మొగ్గలు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కుండీ ఉంది, మట్టి ఉంది, నీళ్లు పోసే చేతులున్నాయి. మరి లిలువాలో పీచ్ పూస్తుందా?

పీచ్ శీతల దేశపు చెట్టు. శరదృతువులో ఆకులు రాల్చి నిద్రలోకి వెళుతుంది. చలి మధ్యలో ఒక వారం ఎండ కాసిందని నమ్మి మొగ్గ విచ్చుకుంటే, మళ్లీ వచ్చే మంచుకు మాడిపోతుంది. అందుకని మొగ్గలు ఒక జాగ్రత్త పెట్టుకున్నాయి. దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలి కొన్ని వందల గంటలు గడిచేదాకా అవి నిద్ర లేవవు. వీటిని ‘శీతల గంటలు’ అందాం. మామూలు పీచ్ రకాలకు 600 నుంచి 900 గంటలు కావాలి. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలను తయారు చేశారు. వాటిలో ‘ఫ్లోర్డా ప్రిన్స్’కు సుమారు 150 గంటలు చాలు. మన పంజాబ్ మైదానాల్లో పండే ‘షాన్-ఎ-పంజాబ్’ కూడా తక్కువ చలి రకమే.

మరి మన దగ్గర ఎంత చలి ఉంటుంది? కోల్‌కతా, హౌరాలలో జనవరి రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 13–14 డిగ్రీల దగ్గర ఉంటుంది. బాగా చలి వేసిన రాత్రి 10 డిగ్రీల దాకా దిగవచ్చు. 7 డిగ్రీల కిందికి పోవడం చాలా అరుదు. అంటే 150 గంటలు కూడా జమ కావు. పైగా మధ్యాహ్నం 21 డిగ్రీలు దాటితే అంతకుముందు జమ అయిన చలి కూడా కొంత చెల్లకుండా పోతుంది. డబ్బాలో వేసిన డబ్బును ఎవరో మళ్లీ తీసేసుకున్నట్టు.

చలి అందని పీచ్ ఒక్కసారిగా చచ్చిపోదు. అదే మనల్ని మోసం చేస్తుంది. మొదటి ఏడు నర్సరీ నుంచి వచ్చినప్పుడు ఉన్న మొగ్గలు కొన్ని పూస్తాయి. రెండో ఏడు ఆకులు ఆలస్యంగా, కొమ్మల చివర్లలో మాత్రమే వస్తాయి. కొన్ని మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి. మూడో ఏటికి చెట్టు నీరసించిపోతుంది. అంచేత సంతలో పూలతో ఉన్న చిన్న పీచ్ మొక్కను చూపించి ‘ఎక్కడైనా కాస్తుంది’ అని ఎవరైనా చెబితే, జేబు డబ్బులు తీసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘దీనికి ఎన్ని గంటల చలి కావాలి?’ జవాబు రాకపోతే చూసి సంతోషించి వచ్చేయడం మంచిది.

దీన్ని మనమే పరీక్షించి చూడవచ్చు. సెలవుల ప్రాజెక్టుగా చేయండి. డిసెంబర్ 15 నుంచి ఫిబ్రవరి 15 వరకు రోజూ మీ ఊరి కనిష్ఠ ఉష్ణోగ్రతను వార్తాపత్రిక నుంచి నోటుపుస్తకంలో రాయండి. 7 డిగ్రీల కంటే తక్కువ వచ్చిన రాత్రులు ఎన్నో లెక్కపెట్టండి. బదిలీ మీద లూధియానాకో డెహ్రాడూన్‌కో వెళ్లిన పాత స్నేహితుడు ఉంటే అతణ్ణి కూడా రాయమనండి. రెండు పట్టికలు పక్కపక్కన పెడితే పీచ్ ఎక్కడ సంతోషంగా ఉంటుందో మీకే తెలిసిపోతుంది.

రేపు మీకు చల్లని ఊరికి బదిలీ వస్తే

ఈ పత్రిక చదివే మనలో చాలామంది వచ్చే ఏడు ఎక్కడ ఉంటామో మనకే తెలియదు. పంజాబ్ మైదానాలకో, డెహ్రాడూన్‌కో, షిల్లాంగ్‌కో, కాలింపాంగ్ వైపో వెళితే పీచ్‌ను నిశ్చింతగా పెట్టుకోవచ్చు. అప్పటికి పనికొచ్చేలా నాలుగు మాటలు రాసి ఉంచుతున్నాం.

ఆ ఊరి చలికి తగిన రకాన్ని అక్కడి ప్రభుత్వ ఉద్యానశాఖ నర్సరీలోనో, వ్యవసాయ విశ్వవిద్యాలయం నర్సరీలోనో అడిగి అంటుమొక్కే తెచ్చుకోండి. చెట్టు నిద్రలో ఉండే జనవరి నాటడానికి మంచి సమయం. కుండీ కనీసం 18 అంగుళాలు ఉండాలి. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడాలి. పీచ్ పూలు కిందటి ఏడు పెరిగిన కొమ్మల మీదే వస్తాయి. అందుకే ఏటా కొంత కత్తిరిస్తేనే కొత్త కొమ్మలు వచ్చి మరుసటి ఏడు పూస్తాయి. చాలా రకాలకు తోడు చెట్టు అక్కర్లేదు, ఒక్క చెట్టున్నా కాయలు కాస్తాయి. కాయలు గోళీ సైజులో ఉన్నప్పుడే జానెడు దూరానికి ఒకటి ఉంచి మిగిలినవి తీసేయాలి. తీయడానికి మనసొప్పదు కానీ, తీయకపోతే కాయలన్నీ చిన్నవిగా ఉండిపోతాయి, లేత కొమ్మలు విరుగుతాయి. వసంతంలో ఆకులు ఎర్రబారి, ఉబ్బి, ముడుచుకుంటే అది ఆకుముడత తెగులు. అలాంటి ఆకుల్ని తుంచి దూరంగా పారేయాలి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. పీచ్ టెంక పగలగొడితే లోపల బాదంలాంటి పప్పు ఉంటుంది. అది తినకూడదు. ఆకులు కూడా నమలకూడదు. వాటిలోని అమిగ్డాలిన్ అనే పదార్థం కడుపులోకి వెళ్లాక సైనైడ్ విషాన్ని విడుదల చేస్తుంది. ఇంట్లో చిన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉంటే టెంకలను వాళ్లకు అందకుండా చూడాలి.

లిలువాకు తగిన పొట్టి చెట్లు

పీచ్ కుదరదని బాల్కనీని ఖాళీగా వదిలేయనక్కర్లేదు. పీచ్ నుంచి మనం కోరుకున్నవి మూడు: చిన్న ఎత్తు, నిండుగా పూలు, చూడటానికి ముచ్చటైన కాయలు. ఈ మూడూ ఇచ్చి, చలి అడగని చెట్లు మనకు ఉన్నాయి.

మొదటి స్థానం పొట్టి దానిమ్మకు ఇస్తాం. ఇది కూడా పుట్టుకతోనే పొట్టి. రెండు మూడు అడుగులకు మించదు. సన్నని ఆకులు, నిప్పురంగు పూలు, నిమ్మకాయంత కాయలు. కాయ పులుపు, తినడానికి పెద్దగా పనికిరాదు. కొమ్మకు వేలాడుతూ వారాల తరబడి అందంగా ఉంటుంది. వేడి నెలల్లో మళ్లీ మళ్లీ పూస్తుంది. అలంకారపు పీచ్‌కు బదులుగా మన వాతావరణం ఇచ్చిన చెట్టు ఇదే అనుకోవచ్చు. దీనికి 12 అంగుళాల కుండీ చాలు.

రెండోది గంధరాజ్ నిమ్మ. ఇది బెంగాల్ వారి ఇష్టమైన నిమ్మ. కాయ కోలగా ఉంటుంది, రసం తక్కువ, వాసన మాత్రం ఇల్లంతా నిండుతుంది. పప్పన్నంలో ఒక చిన్న ముక్క చాలు. కోల్‌కతా డాబాల మీద కుండీల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. దీని లేత ఆకుల మీద పక్షి రెట్టలాంటి చిన్న పురుగు కనిపిస్తే వెంటనే చంపకండి. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. పెద్దయ్యాక పచ్చగా మారుతుంది. చెట్టు పెద్దదైతే నాలుగు ఆకులు దానికి వదిలేయవచ్చు. అది ప్యూపాగా మారి రెక్కలతో బయటికి రావడం చూస్తే జీవశాస్త్రం పాఠం మరచిపోరు.

మూడోది ఆమ్రపాలి మామిడి. ఉత్తరాది దశేరికీ, మన దక్షిణాది నీలం మామిడికీ సంకరం చేసి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ వారు 1970లలో తయారు చేసిన రకం ఇది. చెట్టు పొట్టి, ఏటా కాపు. బాల్కనీకి కాస్త పెద్దదే. డాబా మీదో కింది అంతస్తు ముందో పెద్ద డ్రమ్ములో పెట్టుకోవచ్చు. మొదటి రెండేళ్లు పూత వస్తే తీసేయాలి. ముందు చెట్టుకు బలం రావాలి. టెంక నాటితే ఆమ్రపాలి రాదు, అంటుమొక్కే కొనాలి.

మొక్కలు ఎక్కడ దొరుకుతాయంటే, ఉత్తర కోల్‌కతాలో గాలిఫ్ స్ట్రీట్ దగ్గర ఆదివారం సంత జరుగుతుంది. అలీపూర్‌లో 1820లో విలియం కేరీ స్థాపించిన అగ్రి హార్టికల్చరల్ సొసైటీ తోట ఉంది. సెలవులకు ఊరు వెళ్లేవాళ్లకు రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక నర్సరీలు ఉండనే ఉన్నాయి.

కుండీ, మట్టి, నీళ్లు

హుగ్లీ ఒడ్డున ఉన్న మన నేల మట్టి చాలా మెత్తనిది. తడిస్తే ముద్దగా, ఎండితే ఇటుకలా అవుతుంది. ఒట్టి మట్టిని కుండీలో నింపితే వేర్లకు గాలి ఆడదు. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు, ఒక పాలు ఇసుక లేదా కొబ్బరి పీచు పొడి కలపండి. గుప్పెడు వేపపిండి వేయండి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. దాని మీద విరిగిన పెంకు ముక్కను బోర్లా పెడితే మట్టి కారిపోదు, నీరు దిగిపోతుంది.

బరువు లెక్క కూడా వేసుకోవాలి. 40 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న కుండీలో సుమారు 40 లీటర్ల మట్టి పడుతుంది. అది తడిస్తే 55–60 కిలోలు, అంటే ఒక పెద్దమనిషి బరువు! ఇలాంటివి నాలుగు పెట్టేముందు పెద్దవాళ్లను అడగాలి. బరువైన కుండీలు గోడ వారగా ఉండాలి. పిట్టగోడ మీద చిన్న కుండీ కూడా పెట్టకూడదు. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం పూట వచ్చే కాలబైశాఖి గాలికి కుండీ ఎగిరి కింద నడిచేవాళ్ల మీద పడితే ప్రాణానికే ప్రమాదం.

ఎండ విషయంలో దిక్కు చూసుకోవాలి. మన ఊరు దాదాపు 22.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు కొంచెం కింద ఉంది. డిసెంబర్‌లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు వాలి, ఆకాశంలో సగం ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు దక్షిణపు బాల్కనీ లోపలి దాకా ఎండ వస్తుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, అదే బాల్కనీలో పై స్లాబు నీడే మిగులుతుంది. తూర్పు బాల్కనీకి ఏడాది పొడుగునా ఉదయపు ఎండ ఉంటుంది. దానిమ్మకూ నిమ్మకూ అది చాలా మంచిది.

నీళ్లు పోయడానికి గడియారం కంటే వేలు నమ్మకమైనది. మట్టిలో వేలు ఒక కణుపు లోతు గుచ్చండి. పొడిగా ఉంటే పోయండి, తడిగా ఉంటే ఆగండి. ఏప్రిల్, మే నెలల్లో రోజూ, చలికాలంలో మూడు నాలుగు రోజులకు ఒకసారి అవసరమవుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు తడిపే కుండీలకు అసలు అక్కర్లేదు. కుండీ కింద పళ్లెం పెడితే వారానికి ఒకసారి తప్పక ఒంపి, రుద్ది కడగాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. మన ముచ్చట పక్కింటివారి జ్వరానికి కారణం కాకూడదు కదా! వానాకాలంలో పళ్లేలు తీసి లోపల దాచేయడం అన్నిటికంటే మేలు.

ఆకుల కింద తెల్లగా పత్తిలాంటి పిండినల్లి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, వేపనూనె, కాస్త సబ్బు కలిపిన నీళ్లు సాయంత్రం చల్లండి. దానిమ్మ కాయలను పురుగు తొలుస్తుంటే పల్చని గుడ్డసంచి కట్టండి. ఫిబ్రవరిలో ఎండు కొమ్మలు, అడ్డదిడ్డంగా పెరిగినవి కత్తిరించండి. రెండేళ్లకు ఒకసారి చెట్టును కుండీలోంచి తీసి, చుట్టూ చుట్టుకుపోయిన వేర్లను కొంత కోసి, కొత్త మట్టితో మళ్లీ పెట్టండి.

బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు

క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు గ్యాస్ పొయ్యి, మంచాలు, పుస్తకాలు అన్నీ లెక్కపెట్టి కడతాం. కుండీలు మాత్రం చాలాసార్లు బాల్కనీలోనే మిగిలిపోతాయి. కొత్త కుటుంబం వచ్చేసరికి నెల పట్టవచ్చు. మే నెలలో అయితే నీళ్లు లేని కుండీమొక్క వారం కూడా బతకదు. మూడేళ్లు పెంచిన చెట్టు మనం తలుపు మూసిన వారానికే ఎండిపోవడం న్యాయం కాదు. దీనికి మూడు మార్గాలున్నాయి.

చెట్టు పిల్లను తీసుకెళ్లడం మొదటిది. దానిమ్మ కొమ్మ ముక్కతోనే నాటుకుంటుంది. పెన్సిలంత లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవు కోసి, ఆకులు తీసి, తడిగుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం చుడితే రెండు మూడు రోజుల రైలు ప్రయాణం తట్టుకుంటుంది. గంధరాజ్‌కు వానాకాలంలో గాలి అంటు కట్టాలి. కొమ్మ మీద అంగుళం మేర బెరడు చుట్టూ తీసి, తడిపిన నాచు కట్టి ప్లాస్టిక్‌తో బిగిస్తే రెండు నెలల్లో వేర్లు వస్తాయి. అప్పుడు కోసి చిన్న కుండీలో పెట్టుకోవచ్చు. అందుకే బదిలీ గురించి ఇంట్లో మాట వినపడగానే ఈ పని మొదలుపెట్టాలి.

రెండోది అప్పగింత. పక్కింటి ఆంటీకో, కింది అంతస్తు కాకూకో, బడి తోటకో ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కుండీకి ఒక చీటీ కట్టండి: చెట్టు పేరు, నాటిన నెల, ఎంత నీరు, చివరిసారి ఎప్పుడు ఎరువు వేశాం. ఈ నాలుగు వివరాలు ఉంటే కొత్త చేతుల్లో కూడా చెట్టు తడబడదు. మూడోది, పెద్దవాళ్ల అనుమతితో నేలలో నాటడం. ఆమ్రపాలి లాంటి బరువైన చెట్టుకు ఇదే తగినది.

మొక్కలతో పాటు ఊళ్లు మారినవాళ్లు మనకంటే ముందే ఉన్నారు. మన హౌరా జిల్లాలోనే శిబ్‌పూర్‌లో 1787లో కల్నల్ రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన బొటానిక్ గార్డెన్ ఉంది. 250 ఏళ్లు దాటిన మహా మర్రిని చూడటానికి మనమంతా ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి వెళ్లే ఉంటాం. 1793లో ఆ తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు పనిచేసింది మన సామర్లకోటలో. అక్కడ మొక్కలు పెంచుతూ, పరిశీలిస్తూ, బొమ్మలు వేయిస్తూ ఏళ్ల తరబడి ఉన్నాడు. తన పుస్తకాల్లో శాస్త్రీయ నామాల పక్కన ఆ మొక్కల తెలుగు పేర్లు కూడా రాశాడు. గోదావరి సీమ నుంచి గంగ ఒడ్డుకు బదిలీ అయిన ఒక ఉద్యోగి వల్ల మన పల్లెల్లో పిలుచుకునే చెట్ల పేర్లు ప్రపంచంలోని వృక్షశాస్త్రజ్ఞుల చేతికి చేరాయి.

మనం ఉంటున్న క్వార్టర్ల ఆవరణలో మామిడి, జామ, వేప, మునగ చెట్లున్నాయి. వాటిని నాటినవాళ్లు ఎవరో మనకు తెలియదు. ఏ ఊరి నుంచి వచ్చారో, తర్వాత ఏ ఊరికి వెళ్లారో తెలియదు. వాటి నీడలో ఆడుకుంటున్నది, కాయలు కోసుకుంటున్నది మాత్రం మనమే. ఈ ఫిబ్రవరిలో ఒక దానిమ్మ కొమ్మను కుండీలో గుచ్చి చూడండి. చిగురు వేస్తే చీటీ మీద తేదీ రాయడం మరచిపోకండి.